తుఫానుకు ఇల్లు దెబ్బతింటే: బరకం కప్పడం, సర్కారు సాయం రాబట్టడం

గాలివాన తగ్గగానే పైకెక్కకండి. ముందు కరెంటు మెయిన్ ఆపండి. తీగలు తెగి పడి ఉంటే కరెంటు వాళ్ల నంబరు 1912కి ఫోన్ చేయండి. ఆ తర్వాత ఫొటోలు: డోరు నంబరు కనబడేలా గుమ్మం ఒకటి, నాలుగు గోడలు, లోపలి నుంచి కప్పు. గోడ మీద నీటి చార ఉంటే పక్కన కొలత టేపు ఆనించి ఇంకొకటి తీయండి. విరిగిన రేకుల్ని అధికారుల నష్టం సర్వే అయ్యేదాకా పారేయొద్దు. అలాగని సర్వే కోసం తడుస్తూ కూర్చోనక్కర్లేదు, ఫొటోలు ఉంటే బరకం కప్పేసుకోవచ్చు.

సాయం బిల్లులు చూసి ఇచ్చేది కాదు, ఇంటిని ఏ రకంగా రాశారన్నదే లెక్క. 2022-23 నుంచి 2025-26 వరకు పెట్టిన విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం, కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు, కచ్చా ఇంటికి 4,000. గుడిసెకు మాత్రం 8,000. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే 1,20,000. తాటాకు, మట్టితో కట్టిన గుడిసె కొంత దెబ్బతిన్నప్పుడు దాన్ని కచ్చా ఇల్లుగా రాస్తే సాయం సగానికి పడిపోతుంది. అందుకే సర్వే రాసేవాళ్ల పక్కనే నిలబడి ఏం రాశారో అడిగి తెలుసుకోండి. రాష్ట్రం విడిగా జీవో ఇస్తే ఇచ్చే సొమ్ము మారుతుంది: 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచినప్పుడు విజయవాడలో గ్రౌండ్ ఫ్లోరు మునిగిన ఇంటికి 25,000, పై అంతస్తులకు 10,000 ప్రకటించారు.

నిజానికి 6,500తో కప్పు కొత్తగా వేయలేం. కాబట్టి ముందు తాత్కాలికంగా నీళ్లు ఆపే పనే చూడండి. 10×12 అడుగుల గదికి 15×18 బరకం కావాలి, నాలుగు వైపులా కనీసం రెండడుగులు వేలాడాలి. వాలు పైకప్పయితే బరకాన్ని కొప్పు దాటించి అవతలి వాలు మీదికి మూడడుగులు లాగండి. కొప్పు దగ్గరే ఆపేస్తే నీళ్లు అడుగునుంచే దిగుతాయి. అంచుల్ని ఉత్త తాడుతో కడితే రెండో గాలికే కన్నాలు చిరుగుతాయి. అంచును చెక్క రీపరుకు (సన్న పట్టీకి) రెండు చుట్లు చుట్టి, రీపరును దూలాలకు మేకులతో బిగించండి. ఇసుక బస్తాలు పెడితే సగం నింపినవే, అదీ దూలం మీదుగానే. పగిలిన రేకు మీద బరువు పెడితే మొత్తం కిందికొస్తుంది.

సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెట్టొద్దు, దూలానికి దూలానికి మధ్య పలక వేసుకుని నడవండి. ఒకటి రెండు రేకులే మార్చాల్సి వస్తే పై రేకు కింది రేకు మీదికి ఆరంగుళాలు రావాలి. రేకును దూలానికి పట్టే జె-హుక్కు కన్నం రేకు అల శిఖరం మీదే, అదీ డ్రిల్లుతోనే వేయాలి. పల్లంలో కన్నం పెడితే ఎన్ని వాషర్లు వేసినా కారుతుంది, మేకుతో పొడిస్తే రేకు చీలుతుంది. పాత రేకుల దుమ్ము పీల్చడం ప్రమాదం, తీసేముందు నీళ్లతో తడపండి.

ఇక కాగితాలు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే వార్డు సచివాలయంలో గానీ వీఆర్వోకు గానీ అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఆధార్, కరెంటు బిల్లు, ఇంటిపన్ను రసీదు లేదా ఇంటి పట్టా, ఫొటోల ప్రింట్లు జత చేయండి. ఇల్లు అధికారికంగా గుర్తించిన కట్టడమై ఉండాలన్న షరతు ఉంది. కొండవాలు మీద, కాలువ గట్టున ఉన్నవాళ్లకు ఎక్కువగా చిక్కొచ్చేది ఇక్కడే. అద్దెకుంటున్నా సరే, ఇల్లు రెండ్రోజులకు పైగా తీవ్రంగా మునిగితే బట్టలకు 2,500, సామాన్లకు 2,500 కుటుంబానికి ఇచ్చే పద్దు వేరుగా ఉంది. దాన్ని అడగడం చాలామంది మర్చిపోతారు.

సచివాలయంలో జాబితా పెట్టగానే పేరు, ఇంటి రకం, ఖాతా మూడూ సరిచూసుకోండి. పేరుంది, డబ్బు పడలేదంటే చాలాసార్లు కారణం ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు ముడిపడి ఉందన్నదే. పుస్తకం ఒక బ్యాంకుది ఇచ్చి, ఆధార్ ఎప్పుడో తెరిచి వదిలేసిన ఇంకో ఖాతాకు అనుసంధానమై ఉంటే సొమ్ము అక్కడికి పోతుంది, లేదా వెనక్కెళ్తుంది. బ్యాంకుకెళ్లి ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్ సొమ్ము ఏ ఖాతాకు వెళ్లాలన్న నమోదు) మార్పించుకోండి. జాబితాలో పేరే లేకపోతే రసీదు నంబరుతో ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కి ఫోన్ చేయండి, లేదా సోమవారం కలెక్టరేట్ అర్జీల వేదికలో రసీదు నకలు జతచేసి ఇవ్వండి.