ఉద్యోగం మీద కుటుంబంతో దుబాయ్ వెళ్ళడం ఎలా?

దుబాయ్‌లో ఉద్యోగం ఖాయమైందన్న కబురు రాగానే ఇంట్లో అందరూ చేసే మొదటి పని జీతాన్ని దిర్హమ్‌ల నుంచి రూపాయల్లోకి మార్చి చూసుకోవడం. ఒంటరిగా వెళ్ళేవారికి ఆ లెక్క కొంతవరకు సరిపోతుంది. బడికి వెళ్ళే పిల్లలతో వెళ్ళేవారి ప్రయాణాన్ని నిర్ణయించేవి మాత్రం బీరువాలోని పెళ్ళి ధ్రువపత్రం, పిల్లల జనన ధ్రువపత్రాలు, బడుల క్యాలెండరు. జీతం ఎంత బాగున్నా, ఈ పనులను వరుస తప్పి చేసినవారు ఏడాది పొడవునా ఇబ్బంది పడతారు. తెలుగు రాష్ట్రాల నుంచి జీవిత భాగస్వామితో, పిల్లలతో వెళ్ళదలచినవారు ఏది ముందు, ఏది తరువాత చేసుకోవాలో ఇక్కడ వరుసగా చెబుతాను.

1. ఆఫర్ లెటర్‌ను కుటుంబం కోసం చదవండి

దుబాయ్ ఉన్న దేశమైన యూఏఈ (యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్)లో ప్రైవేటు ఉద్యోగానికి అక్కడి మానవ వనరుల మంత్రిత్వ శాఖ నమూనాలో ఆఫర్ లెటర్ వస్తుంది. తరువాత కుదిరే ఒప్పందం దానికి అనుగుణంగానే ఉండాలి కనుక, మాటల్లో చెప్పినవన్నీ అందులో ఉన్నాయో లేదో సంతకానికి ముందే చూసుకోవాలి. మూల వేతనం ఎంత, అలవెన్సులు ఎంత అన్నది విడివిడిగా చూడండి. ఉద్యోగం మానేటప్పుడు వచ్చే గ్రాట్యుటీని మూల వేతనం మీదే కడతారు. మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల చొప్పున, ఆ తరువాత 30 రోజుల చొప్పున లెక్క వేస్తారు. మొత్తం జీతం పెద్దదిగా కనిపించి మూల వేతనం చిన్నదిగా ఉంటే ఆ తేడా చివర్లో తెలుస్తుంది.

కుటుంబాన్ని స్పాన్సర్ చేయడానికి, అంటే మీ పూచీ మీద వారికి వీసా తీసుకోవడానికి, నెలకు కనీసం 4,000 దిర్హమ్‌ల జీతం, లేదా 3,000 దిర్హమ్‌ల జీతంతో పాటు కంపెనీ ఇచ్చే వసతి ఉండాలి. ఇది చట్టం అడిగే కనీస మొత్తం మాత్రమే, నలుగురు గల కుటుంబం దీనితో దుబాయ్‌లో బతకగలదని అనుకోకండి. ఉద్యోగి వీసా ఖర్చును కంపెనీయే భరించాలని అక్కడి చట్టం చెబుతుంది. కుటుంబ సభ్యుల వీసాలు, ఆరోగ్య బీమా, బడి ఫీజు, ఏటా స్వదేశానికి టికెట్లు ఎవరు భరిస్తారన్నది మాత్రం కంపెనీని బట్టి ఉంటుంది. ఈ నాలుగింటినీ రాతపూర్వకంగా అడగండి. అలా అడగడం మర్యాద కాదేమోనని మనవారు వెనుకాడుతుంటారు, కానీ ఆ నాలుగు ప్రశ్నలకు వచ్చే జవాబే మీ అసలు జీతం.

ఏజెంటు ద్వారా వెళుతున్నట్లయితే అతను భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదైనవాడో కాదో చూడండి. నమోదైన ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదు. ‘ముందు విజిట్ వీసా మీద రండి, అక్కడికి వచ్చాక మారుద్దాం’ అనే మాటను నమ్మి కుటుంబంతో బయలుదేరవద్దు. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాలలోనూ, కడప, గోదావరి జిల్లాలలోనూ ఈ మాటకు మోసపోయిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి.

2. కాగితాలు: అన్నిటికంటే ముందు మొదలుపెట్టవలసిన పని

ఒకే ముద్రతో పత్రాలు వేరే దేశంలో చెల్లేలా చేసే హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో యూఏఈ లేదు. అందువల్ల మన ధ్రువపత్రాలకు ఒక్క అపోస్టిల్ ముద్ర వేయించుకుంటే సరిపోదు. ఒక్కొక్క పత్రం మొదట రాష్ట్ర ప్రభుత్వ స్థాయిలో, తరువాత భారత విదేశాంగ శాఖలో, ఆపైన యూఏఈ రాయబార కార్యాలయంలో, చివరికి యూఏఈ విదేశాంగ శాఖలో ధ్రువీకరణ పొందాలి. దీన్నే అందరూ అటెస్టేషన్ అంటారు. ఉద్యోగికి డిగ్రీ పత్రం, కుటుంబానికి పెళ్ళి ధ్రువపత్రం, ఒక్కొక్క బిడ్డకు జనన ధ్రువపత్రం ఈ దారిలోనే వెళ్ళాలి. దీనికి వారాలు పడుతుంది కాబట్టి, ఆఫర్ మీద సంతకం చేసిన రోజే ఈ పనికి దిగడం మంచిది.

ముద్రలు, స్టిక్కర్లు పడేది అసలు పత్రం వెనుక వైపున. మన ఇళ్ళలో డిగ్రీ పట్టా రాగానే పాడవకూడదన్న ప్రేమతో లామినేషన్ చేయిస్తారు. ఇరవై ఏళ్ళ కిందటి పట్టాకు అంటుకుపోయిన ఆ ప్లాస్టిక్‌ను అంచు దగ్గర గోటితో లేపితే కాగితం పొర, దానితో పాటు విశ్వవిద్యాలయ ముద్రలో సగం ఊడి వస్తుంది. అందుచేత దాన్ని మీరు ఊడదీసే ప్రయత్నం చేయకండి. అటెస్టేషన్ ఏజెన్సీని అడగండి, వీలు కాదంటే విశ్వవిద్యాలయం నుంచి డూప్లికేట్ పట్టాకు దరఖాస్తు చేయండి.

పెళ్ళి ధ్రువపత్రం సంగతి ఇంకా ముఖ్యం. తిరుమలలోనో, ఊళ్ళోని కల్యాణ మండపంలోనో పెళ్ళి ఘనంగా జరిగి, రిజిస్ట్రేషన్ మాత్రం జరగని జంటలు మనలో చాలామంది ఉన్నారు. శుభలేఖ, ఫొటోలు, వయసు, చిరునామా ఆధారాలు, సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఇప్పుడైనా నమోదు చేయించుకోవచ్చు. అటెస్టేషన్ ఆ తరువాతే మొదలవుతుంది.

పిల్లల జనన ధ్రువపత్రంలో బిడ్డ పేరు ఉందో లేదో తప్పక చూడండి. మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా అమ్మాయి పుట్టిన వారంలోనే జనన నమోదు పూర్తయి పత్రం చేతికి వచ్చింది, బారసాల మాత్రం 21వ రోజున చేశాం. అంటే ఆ పత్రం వచ్చేనాటికి అమ్మాయికి పేరే లేదు. పేరు ఉండవలసిన గడి ఎనిమిదేళ్ళ పాటు ఖాళీగా ఉండిపోయింది, మాలో ఎవరమూ గమనించలేదు. నమోదైన ఏడాదిలోపు రుసుము లేకుండా, ఆ తరువాత 15 ఏళ్ళ వరకు ఆలస్య రుసుముతో పేరు చేర్పించుకునే వీలుంది. మేమూ చేర్పించుకున్నాం, కానీ ఆ ఒక్క గడి వల్ల మా ప్రయాణం ఆరు వారాలు వెనక్కి జరిగింది.

జీవిత భాగస్వామి డిగ్రీ పత్రాన్ని కూడా ఇదే విడతలో అటెస్ట్ చేయించండి. భర్త స్పాన్సర్‌షిప్ మీద ఉన్న భార్య, భార్య స్పాన్సర్‌షిప్ మీద ఉన్న భర్త వర్క్ పర్మిట్‌తో అక్కడ ఉద్యోగం చేయవచ్చు. రెండేళ్ళ తరువాత అవకాశం వచ్చినప్పుడు పట్టాను మళ్ళీ హైదరాబాద్‌కు పంపవలసిన అవసరం ఉండదు.

3. పేర్లను సరిచూసుకోండి

మన పేర్లలో ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరొకచోట పూర్తిగా, ఇంకొకచోట అసలు లేకుండా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలి, ఒకే ఒక్క పేరు నమోదైనవారిని విజిట్ వంటి వీసాల మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది. కాబట్టి ఇంట్లో అందరి పాస్‌పోర్టులలో రెండు గడులూ నిండి ఉన్నాయో లేదో చూడండి. తల్లిదండ్రుల పేర్లు పిల్లల జనన ధ్రువపత్రంలోనూ, వారి పాస్‌పోర్టులలోనూ ఒకే వర్ణక్రమంతో ఉండాలి. తేడా ఉంటే, అటెస్టేషన్‌కు పంపిన తరువాత సరిదిద్దడం కంటే ముందే సరిదిద్దించుకోవడం సులువు.

4. ఒకరు ముందు, కుటుంబం తరువాత

అందరూ ఒకే విమానంలో వెళ్ళాలన్న కోరిక సహజమే. అయినా, వీలున్నవారు ఉద్యోగం వచ్చినవారు సెప్టెంబరులోనూ, కుటుంబం మార్చి చివర లేదా ఏప్రిల్‌లోనూ వెళ్ళేలా ఏర్పాటు చేసుకోవాలని నా గట్టి సలహా. దీనికి కారణాలున్నాయి.

ప్రొబేషన్ గరిష్ఠంగా ఆరు నెలలు ఉండవచ్చు. ఆ కాలంలో కంపెనీ 14 రోజుల నోటీసుతో ఉద్యోగం నుంచి తీసివేయగలదు. స్పాన్సర్ వీసా రద్దయితే అతని మీద ఆధారపడిన కుటుంబ వీసాలూ నిలవవు. పిల్లలను ఇక్కడ బడి మానిపించి, ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిన కుటుంబం ఆ స్థితిలో చిక్కుకోకూడదు. సెప్టెంబరులో చేరినవారికి ప్రొబేషన్ మార్చికి ముగుస్తుంది. దుబాయ్‌లో భారతీయ పాఠ్య ప్రణాళికతో నడిచే బడులు ఏప్రిల్‌లో కొత్త విద్యా సంవత్సరాన్ని ప్రారంభిస్తాయి. జూలై, ఆగస్టు నెలల ఎండ కూడా అప్పటికి ఇంకా దూరంగా ఉంటుంది.

పన్ను లెక్క కూడా దీనికి కలిసి వస్తుంది. ఉద్యోగం కోసం విదేశానికి వెళ్ళే భారత పౌరుడు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు గానీ, అంతకు మించి గానీ ఇక్కడ ఉంటేనే నివాసి అవుతాడు. ఏప్రిల్ 1 నుంచి లెక్కిస్తే సెప్టెంబరు 28వ తేదీకి 181 రోజులు. ఆలోగా దేశం దాటినవారి ఆ ఏటి దుబాయ్ జీతం మీద ఇక్కడ పన్ను ఉండదు. నవంబరులో వెళ్ళినవారు ఆ ఏడాదికి నివాసిగానే లెక్కకు వస్తారు కాబట్టి, మార్చి వరకు అక్కడ సంపాదించినదానిని ఇక్కడ చూపించవలసి వస్తుంది.

5. ఇల్లు: చేతిలో ఎంత ఉండాలో ముందే లెక్క వేయండి

దుబాయ్‌లో అద్దెను ఏడాది మొత్తానికి చెబుతారు. దాన్ని కొన్ని ముందు తేదీల చెక్కులుగా విడగొట్టి ఇవ్వాలి. లెక్క తేలికగా అర్థం కావడానికి ఏడాదికి 60,000 దిర్హమ్‌లు, నాలుగు చెక్కులు అనుకుందాం. తాళం చేతికి రావడానికి మొదటి చెక్కు 15,000, సామాను లేని ఇంటికి వాడుకలో ఉన్న 5 శాతం డిపాజిట్ 3,000, ఏజెంటుకు దాదాపు 5 శాతం అంటే మరో 3,000, విద్యుత్తు, నీటి సంస్థ అయిన దేవాకు ఫ్లాట్ అయితే కట్టే డిపాజిట్ 2,000, వెరసి 23,000 దిర్హమ్‌లు. ఇంట్లో ఒక్క కుర్చీ కూడా లేకముందే అయ్యే ఖర్చు ఇది. ఏడాది అద్దెలో 5 శాతం మున్సిపాలిటీ రుసుమును పన్నెండు భాగాలు చేసి నెలనెలా దేవా బిల్లులో కలుపుతారు. అంటే ఈ ఇంటికి నెలకు 250.

అద్దె ఒప్పందం దుబాయ్ ప్రభుత్వ అద్దె నమోదు వ్యవస్థ అయిన ఈజారీలో నమోదు కావాలి. కుటుంబ వీసాకు అడిగే పత్రాలలో అదీ ఒకటి. షార్జాలో అద్దె తక్కువని అక్కడ ఇల్లు తీసుకోవాలనుకునేవారు, ఉదయం పూట దుబాయ్ వైపు వెళ్ళే రోడ్డు మీద ఒక వారం ప్రయాణం చేసి చూసి నిర్ణయించుకోండి. మిగిలే డబ్బుకు బదులు పిల్లలతో గడిపే సాయంత్రాలు పోతాయి.

6. బడి

దుబాయ్ ప్రైవేటు బడులను పర్యవేక్షించే సంస్థ కేహెచ్‌డీఏ. తనిఖీ నివేదికలు, ఫీజులు దాని వెబ్‌సైట్‌లో చూడవచ్చు. ఇల్లు చూసి బడి వెతకడం కంటే, బడిలో సీటు ఖాయం చేసుకుని దాని బస్సు తిరిగే దారిలో ఇల్లు వెతకడం మేలు. మన రాష్ట్ర సిలబస్ బడులకు వార్షిక పరీక్షలు ఏప్రిల్ దాకా సాగుతాయి కాబట్టి, అక్కడి బడితో చేరే తేదీ గురించి ముందే మాట్లాడుకోండి. బదిలీ ధ్రువపత్రానికి కూడా చాలా తరగతులకు అటెస్టేషన్ అడుగుతారు. ఇక్కడి బడిలో, జిల్లా విద్యాధికారి కార్యాలయంలో ఎవరి సంతకం కావాలో కనుక్కుని పెట్టుకోండి.

ఒకటి నుంచి తొమ్మిదో తరగతి వరకు పిల్లలు అరబిక్ చదవాలి. ఐదు, ఆరు తరగతుల్లో చేరే పిల్లలకు తోటివారు అప్పటికే కొన్నేళ్ళు చదివిన భాష అది. వెళ్ళేముందు మూడు నెలలు అక్షరాలు దిద్దిస్తే తొలి రోజుల భయం చాలా తగ్గుతుంది. తెలుగు చాలా బడుల్లో ఉండదు, ఆ బాధ్యత ఇంటిదే.

7. ఇక్కడ ముగించవలసినవి

విదేశీ ఉద్యోగానికి వెళ్ళినవారు ఇక్కడి సేవింగ్స్ ఖాతాను, ప్రవాసులు ఇక్కడి ఆదాయం కోసం ఉంచుకునే ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించుకోవాలి. పన్నులోని 182 రోజుల లెక్క దీనికి వర్తించదు. అక్కడి నుంచి పంపే డబ్బుకు ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవండి. ఉన్న పీపీఎఫ్‌ను గడువు వరకు కొనసాగించవచ్చు, పొడిగించుకునే వీలు ఉండదు. అమ్మాయి పేరున సుకన్య సమృద్ధి ఖాతా ఉంటే, ఆమె ఎన్ఆర్ఐ అయ్యాక దాన్ని మూసివేయాలి. ఇల్లు, పొలం పనులు చూసే తమ్ముడికో, బావగారికో ఇక్కడ ఉండగానే పవర్ ఆఫ్ అటార్నీ రాసి ఇవ్వండి. ఆధార్‌కు, బ్యాంకుకు ముడిపడిన ఫోన్ నంబరును రోమింగ్‌తో బతికించి ఉంచండి. ఓటీపీ అందక ఖాతా తెరవలేని పరిస్థితి అక్కడ చాలామందికి అనుభవమే.

8. పెట్టె సర్దేటప్పుడు

గసగసాలు యూఏఈలో నిషిద్ధం. వాటిని మాదకద్రవ్యాల కోవలో చూస్తారు. గసగసాల పొట్లాన్ని పక్కన పెట్టడం అందరూ చేస్తారు. అమ్మ ప్రేమగా కొట్టి ఇచ్చిన మసాలా పొడిలోనూ, కూరకు వేసే ముద్దలోనూ అవి ఉన్నాయేమో అడగడం మాత్రం మరిచిపోతారు. ఆ సీసా మూత తీసి, ఏమేం వేశారో అమ్మనే అడిగి తెలుసుకుని, అనుమానం ఉంటే ఇక్కడే వదిలేయండి. తమలపాకులు, కిళ్ళీ సరుకులు కూడా దుబాయ్ కస్టమ్స్ నిషేధ జాబితాలో ఉన్నాయి కనుక, సాగనంపేటప్పుడు చేతిలో పెట్టిన తాంబూలాన్ని పెట్టెలో పెట్టుకోకండి. కోడీన్, ట్రమడాల్ వంటివి ఉన్న మందులకు అక్కడి ప్రభుత్వ ముందస్తు అనుమతి కావాలి.

9. కుటుంబ వీసా, ఆ తరువాత

ఉద్యోగికి అక్కడి గుర్తింపు కార్డైన ఎమిరేట్స్ ఐడీ చేతికి వచ్చాక, వీసా దరఖాస్తులు తీసుకునే ఆమెర్ సెంటర్‌లో కుటుంబానికి దరఖాస్తు చేయాలి. అటెస్ట్ అయిన పెళ్ళి, జనన పత్రాలకు లైసెన్సు ఉన్న అనువాదకుడితో అరబిక్ అనువాదం చేయించండి. ఎంట్రీ పర్మిట్ మీద కుటుంబం చేరాక 18 ఏళ్ళు నిండినవారికి వైద్య పరీక్ష, ఆపైన ఎమిరేట్స్ ఐడీ పూర్తవుతాయి. దుబాయ్‌లో ఆధారపడినవారి ఆరోగ్య బీమా బాధ్యత స్పాన్సర్‌దే.

సాధారణ రెసిడెన్స్ వీసా ఉన్నవారు యూఏఈ బయట వరుసగా ఆరు నెలలకు మించి ఉంటే ఆ వీసా చెల్లకుండా పోతుంది. సీమంతానికి పుట్టింటికి వచ్చి, పురుడు పోసుకుని, బిడ్డకు మూడో నెల వచ్చాక తిరిగి వెళ్ళే మన ఆనవాయితీలో ఈ గడువు దాదాపుగా నిండిపోతుంది. బయలుదేరిన రోజునే తిరుగు టికెట్ గడువును క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. పుట్టిన బిడ్డకు పేరు పెట్టించి, ఆ పేరుతోనే జనన ధ్రువపత్రం తీసుకుని, పాస్‌పోర్టు, అటెస్టేషన్, ఎంట్రీ పర్మిట్ పనులన్నీ ఆ గడువులోనే ముగించుకోవాలి.