బట్టలారేసే తాడుతో పిల్లలకి జీర్ణవ్యవస్థ చూపించడం ఎలా

మా అక్క కూతురు ఏడో క్లాసు, మొన్న ఆదివారం చిక్కడపల్లిలో మా ఇంట్లో కూర్చుని సైన్స్ పుస్తకంలో పేర్లు బట్టీ పడుతుంటే చూడలేక పుస్తకం మూసేయించా. ముందురోజు రాత్రే క్రాస్‌రోడ్స్ నుంచి తెచ్చిన బిర్యానీ తిన్నాం కదా, దాని వెంటే పోదాం పదమన్నా. మీరూ చేయొచ్చు, గంట పని. ఏడు మీటర్ల తాడు, పాత సాక్సు, చున్నీ, పల్చటి గంజి, బెటాడిన్, నూనె, గిన్నెలు తోమే లిక్విడ్ ఉంటే చాలు.

ముందు నోరు. రెండు గ్లాసుల్లో చెరో స్పూను గంజి వేసి ఒకదాంట్లో బాగా ఉమ్మమనండి (పిల్లలకి ఈ పార్టే ఇష్టం), రెండోదాంట్లో అంతే నీళ్లు పోయండి, రెండింటినీ గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో పావుగంట పెట్టి అప్పుడు నీళ్లు కలిపిన బెటాడిన్ ఒక్కో చుక్క వేయండి. బెటాడిన్‌లోని అయోడిన్ పిండి తగిలితే నల్లబడుతుంది, అందుకే నీళ్లది సిరాలా మారుతుంది, ఉమ్మింది అంతగా మారదు, లాలాజలంలో ఉండే అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిని విరగ్గొట్టి చక్కెర చేసేసింది మరి. నేను మొదట గంజి బదులు అన్నం మెతుకులు నమిలించి వెంటనే చుక్క వేశా, రెండూ నల్లబడ్డాయి, పిల్ల ముందు పరువు పోయింది. మెతుకులో పిండి ఎక్కువ, నేనేమో టైమ్ ఇవ్వలేదు. అయ్యాక గ్లాసులు మాత్రం శుభ్రంగా తోమండి.

ఇప్పుడు తాడు. 25 సెంటీమీటర్ల దగ్గర ముడి వేయండి, అది అన్నవాహిక. ముద్ద దాంట్లో ఊరికే జారిపోదు, పెప్సీ ఐస్ ప్యాకెట్‌ని నొక్కుతూ ఐస్ పైకి తెచ్చుకుంటామే, అట్లా కండరాలు వెనక నుంచి నొక్కి తోస్తాయి. ముడి దగ్గర సాక్సు కట్టండి, జీర్ణాశయం. ఎక్కడుందో చూపించమంటే అందరూ బొడ్డు మీద చెయ్యేస్తారు, మా బావగారితో సహా, కానీ అది పైన, ఎడమవైపు పక్కటెముకల కింద. హైడ్రోక్లోరిక్ యాసిడ్, పెప్సిన్ అనే ఎంజైమ్ కలిసి మటన్ పని పట్టేది ఇక్కడే. నూనె ఎక్కువైతే ఇక్కడే చాలాసేపు ఉండిపోతుంది, అందుకే రాత్రి తిన్న బిర్యానీ అంత బరువు.

తర్వాత ఆరు మీటర్ల తాడు చిన్న పేగు. మా హాల్ సరిపోక తలుపు తీసి లిఫ్ట్ దాకా పరిచాం. "పిన్నీ, ఇదంతా పొట్టల ఎట్ల పడతది" అంటే మడతలు పెట్టి టిఫిన్ బాక్సులో కుక్కి చూపించా. అసలు ఒంటికి పట్టేది ఎక్కువగా ఇక్కడే, లోపలి గోడ టర్కీ టవల్‌లా ఉంటుంది.

పైత్యరసం కోసం గ్లాసు నీళ్లలో చుక్క నూనె వేయండి, తేలుతుంది. తోమే లిక్విడ్ కాస్త వేసి తిప్పితే నూనె చిన్న చిన్న బొట్లుగా విడిపోయి నీళ్లు తెల్లగా మసకబారతాయి. పైత్యరసం చేసేది ఇంతే, కొవ్వుని చిన్న బొట్లు చేసిపెడుతుంది, అసలు అరిగించేది క్లోమం నుంచి వచ్చే లైపేజ్. పైత్యరసం తయారయ్యేది కాలేయంలో, పిత్తాశయం దాచేది మాత్రమే, పరీక్షలో చాలామంది తప్పేది ఇక్కడే.

చివర్న చున్నీని మెలిపెట్టి ఒకటిన్నర మీటరు కట్టండి, పెద్ద పేగు పొట్టిదే కానీ లావు. కుడివైపు పైకెక్కి, అడ్డంగా పోయి, ఎడమవైపు దిగుతుంది. మిగిలిన నీళ్లు పీల్చుకుంటుంది, విరేచనాలప్పుడు ఆ పని సరిగ్గా జరగదు.

అంతా అయ్యాక "మరి రాత్రిది ఇప్పుడు ఏడుంది?" అని అడిగింది. తిని పది గంటలు దాటింది కదా, చాలావరకు చున్నీలో ఉండుంటుందన్నా. తన చున్నీ వెంటనే లాక్కుంది.