కోకో వేసినవాళ్ళు ఆఫ్రికా వాన వార్తలు ఎలా చదవాలి, ఇక్కడ తోటలో ఏం చెయ్యాలి

మన ఏలూరు, గోదావరి జిల్లాల వైపు కొబ్బరిలో, పామాయిల్‌లో అంతర పంటగా కోకో వేసినవాళ్ళం 2024లో మంచి ధర చూశాం, మరుసటి ఏడాదే అది పడిపోయి ధర్నాలు చేశాం. ఇందులో పెద్ద వాటా పశ్చిమ ఆఫ్రికా వాతావరణానిదే. ప్రపంచం కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనా నుంచే వస్తుంది.

ముందు ఒక లెక్క పట్టుకోండి. పువ్వు నిలిచి కాయ పండడానికి 5, 6 నెలలు పడుతుంది, అంటే ఈ నెల ఎండ దెబ్బ కోతలో కనపడేది ఆరు నెలల తర్వాతే, ఈ లెక్క పట్టుకోకపోతే వార్త చదివి కంగారు పడడమే మిగులుతుంది.

ఐవరీ కోస్ట్‌లో పెద్ద పంట అక్టోబర్ నుంచి మార్చి దాకా, చిన్న పంట ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా. డిసెంబర్ నుంచి మార్చి మధ్య దాకా సహారా వైపు నుంచి దుమ్ముతో పొడి గాలి వీస్తుంది, దాన్ని హర్మటాన్ అంటారు. అది గట్టిగా వీస్తే ఆకు రాలి పిందెలు ఎండిపోతాయి, చిన్న పంట తగ్గుతుంది. మెత్తగా వెళ్ళిపోయిందంటే అక్కడ కాయ బాగా వస్తుంది, ఇక్కడ మనకి ధర మెత్తబడే అవకాశం ఉంటుంది.

ఐవరీ కోస్ట్ కోకో ఊళ్ళు సుబ్రేలో ఇన్ని మిల్లీమీటర్ల వాన, దలోవాలో ఇన్ని, అయిదేళ్ళ సగటు కంటే ఎక్కువ అని వారం వారం వార్తలొస్తాయి. ఎక్కువ అని చూడగానే పంట బాగుందనుకోవద్దు. వానల మధ్య ఎండ కాస్తోందా లేదా అన్నది కూడా చదవండి. 2023లో అక్కడ జరిగింది అదే, వానలు ఆగకుండా పడి నల్ల కాయ కుళ్ళు పట్టేసింది, రోడ్లు బురదై గింజలు తోటల్లోనే ఉండిపోయాయి, ఆ వెనకే ఎల్ నినో తెచ్చిన పొడి వాతావరణం, 2024 మొదట్లో ఎండలు. న్యూయార్క్ మార్కెట్‌లో కోకో టన్ను 2024 డిసెంబర్‌లో 12,000 డాలర్లు దాటింది, 2025 చివరికి అందులో సగానికి దిగిపోయింది.

ఇక మన తోట సంగతి. కోకోకి 32 డిగ్రీల దాకా హాయి, మనకేమో మే నెలలో 40 దాటుతుంది. అందుకని ఎండాకాలం ముందు కొమ్మలు గట్టిగా కొట్టెయ్యొద్దు, కొబ్బరి చెట్టు పోయి ఖాళీ పడ్డ చోట అరటైనా వెయ్యండి, లేకపోతే నేరుగా ఎండ తగిలి ఆకు మాడిపోతుంది. డ్రిప్ ఉంటే ముదురు చెట్టుకి రోజుకి 20 లీటర్ల దాకా ఇవ్వండి. రాలిన ఆకు ఊడ్చి తగలబెట్టకండి దయచేసి! తేమ నిలిపేది అదే, కోకో పువ్వుని పరాగసంపర్కం చేసే చిన్న చిన్న ఈగలు గుడ్లు పెట్టేది కూడా ఆ కుళ్ళే ఆకుల్లోనే.

కానీ కుళ్ళు పట్టిన కాయల్ని మాత్రం ఆ ఆకుల్లో వదలొద్దు, కోసి తోట బయట పాతిపెట్టండి. ఆ కుళ్ళు రాకుండా తొలకరికి ముందే ఒక శాతం బోర్డో మిశ్రమం కొట్టాలి. కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 50 లీటర్ల నీళ్ళలో, కిలో సున్నం ఇంకో 50 లీటర్లలో ప్లాస్టిక్ డ్రమ్ముల్లో విడివిడిగా కలిపి, మైలుతుత్తం నీళ్ళని సున్నం నీళ్ళలోకి పొయ్యాలి. ఇనప చాకు ముంచి చూడండి, ఎర్రగా రాగి అంటితే ఇంకొంచెం సున్నం పడాలి. ఏ రోజు కలిపింది ఆ రోజే కొట్టెయ్యాలి. కోకోకి నేను చేసే పనుల్లో దీనంత ఫలితం ఇచ్చింది ఇంకోటి లేదండి.

అల్పపీడనం వార్త వస్తే పండిన కాయ కొయ్యండి కానీ ఆరబెట్టే చోటు చూసుకున్నాకే కాయ పగలగొట్టండి, ఎందుకంటే గింజలు 5, 6 రోజులు పులిసి బయటికొచ్చేసరికి ఎండ లేకపోతే బూజు పట్టి మొత్తం రేటు పోతుంది. తేమ 7 శాతానికి దిగాలి, గుప్పెట్లో నొక్కితే పొట్టు పెళపెళలాడాలి.

ఇంకో పని. ఐవరీ కోస్ట్‌లో పెద్ద వ్యాపారులు మనుషుల్ని పెట్టి చెట్ల మీద కాయలు లెక్కపెట్టిస్తారు, దాన్నిబట్టే ముందు పంట అంచనా కడతారు. మనం కూడా ఓ పది చెట్లకి రంగు పూసి, ప్రతి నెల ఒకటో తారీఖున పిందెలెన్ని, పెద్ద కాయలెన్ని, ఎండిపోయినవెన్ని నోట్‌బుక్‌లో రాసుకుందాం. ఎండిపోయిన పిందెలు నల్లబడి చెట్టుకే వేలాడుతుంటాయి, వాటిని కూడా వదలకుండా లెక్కపెట్టండి.