తేలికపాటి అమెరికన్ వంట – 5వ పాఠం: నూనె తేలని స్లాపీ జో

కీమా కూర అయిపోయిందని మనకు చెప్పేది నూనె. అంచుల వెంట ఎర్రగా తేలగానే స్టవ్ కట్టేస్తాం. ఈ పాఠంలో ఆ గుర్తు పనికిరాదు. కొవ్వు తక్కువున్న మాంసంతో స్లాపీ జో, అంటే బన్నులో పెట్టుకునే కీమా, చేస్తే ఎంతసేపు ఉడికించినా నూనె తేలదు, తేలడానికి అందులో ఉంటే కదా! దానికోసం ఎదురుచూస్తూ కూర్చుంటే మాంసం పిప్పి అయిపోతుంది. తొందరపడి దించేస్తే బన్ను తడిసి చేతిలోనే విడిపోతుంది. అందుకని ఈసారి చూపు నీటి మీద పెట్టి వండడం నేర్చుకుందాం. గిన్నెలో నీళ్లు ఎప్పుడు ఊరుతున్నాయి, ఎప్పుడు ఇగిరాయి, ఎంత మిగలాలి అన్నది తెలిస్తే ఈ వంట వచ్చేసినట్టే.

కిందటి పాఠంలో టర్కీ కోడి ప్యాటీలు చేసినవాళ్ల దగ్గర కీమా మిగిలి ఉంటే ముందురోజు రాత్రే ఫ్రీజర్ నుంచి తీసి ఫ్రిజ్‌ కింద అరలో పెట్టుకోండి. సగం గడ్డకట్టిన కీమా బాణలిలో వేస్తే నీళ్లు వదులుతూనే ఉంటుంది, వేగదు.

ఇంతకీ ఏమిటిది?

మెత్తటి హ్యాంబర్గర్ బన్ను మధ్యలో తీపీ పులుపూ కలిసిన టమాటా కీమా. అంతే. తినేటప్పుడు కొంత ప్లేట్లో పడుతుంది, పడాలి కూడా. అమెరికా మిడ్‌వెస్ట్‌లో, ముఖ్యంగా అయోవా రాష్ట్రంలో, 1920ల నుంచే లూజ్ మీట్ శాండ్‌విచ్ ఉంది. సాస్ లేకుండా పొడిపొడిగా వండిన బీఫ్ కీమాను బన్నులో పెట్టి ఇచ్చేవారు. 1926లో మస్కటీన్ ఊళ్లో మొదలైన మెయిడ్-రైట్ అనే హోటల్ పేరు తెచ్చుకున్నది దానితోనే. అదే రాష్ట్రంలోని సూ సిటీలో జో అనే వంటవాడు దానికి టమాటా సాస్ కలిపాడని ఒక కథ. ఫ్లోరిడాలో కీ వెస్ట్‌లోని స్లాపీ జోస్ బార్ చుట్టూ ఇంకో కథ. ఏ ఊరివాళ్లు ఆ ఊరి కథే నిజమంటారు, గట్టి రుజువు ఎవరి దగ్గరా లేదు. ఇంటింటికీ చేర్చింది మాత్రం డబ్బా సాసే. 1969లో హంట్స్ వాళ్లు మ్యాన్‌విచ్ తెచ్చారు. ఒక పౌను (సుమారు 450 గ్రాముల) కీమా వేయించి, డబ్బా విప్పి పోస్తే రాత్రి భోజనం అయిపోయినట్టే. అక్కడి స్కూలు క్యాంటీన్లలోనూ ఇది పాత కాపు. పిల్లలు అక్కడ చదువుతుంటే మీరు ఈ పేరు వినే ఉంటారు.

న్యూజెర్సీలో ఉన్నవాళ్లకు ఒక మాట. అక్కడి పాత డెలీల్లో స్లాపీ జో అడిగితే ఇది రాదు. మూడు రై బ్రెడ్ ముక్కల మధ్య చల్లటి మాంసం ముక్కలు, కోల్‌స్లా (క్యాబేజీ సలాడ్), రష్యన్ డ్రెస్సింగ్ (మయోనైజ్ కలిపిన సాస్) పెట్టి కోసిన శాండ్‌విచ్ చేతికిస్తారు. అదీ బాగుంటుంది గానీ మన పాఠం దాని గురించి కాదు.

బరువు ఎక్కడుందో చూద్దాం

మామూలుగా వాడేది 80/20 బీఫ్ కీమా, అంటే బరువులో ఐదో వంతు కొవ్వు. పచ్చి కీమా 100 గ్రాములకు సుమారు 250 కేలరీలు, 20 గ్రాముల కొవ్వు. పౌను కీమాను నలుగురికి పంచితే ఒక్కొక్కరికి 280 కేలరీల పైమాటే. వేయించాక కొవ్వు వంపేస్తే కొంత తగ్గుతుంది, కానీ దానితోపాటు రుచి కూడా సింకులోకి పోతుంది. పైగా ఆ వేడి కొవ్వు సింకు గొట్టంలో గడ్డకట్టి కూర్చుంటుంది, ప్లంబర్‌ను పిలిచేదాకా తెస్తుంది. 93 శాతం లీన్ (కొవ్వు కాని భాగం) అని రాసి ఉన్న టర్కీ కీమా 100 గ్రాములకు సుమారు 150 కేలరీలు, ఏడెనిమిది గ్రాముల కొవ్వు. దాన్ని కూడా 300 గ్రాములకు తగ్గించి, మిగతా లోటును పుట్టగొడుగులతో పూడుస్తాం. అప్పుడు మాంసం వాటా మనిషికి 115 కేలరీల లోపే.

రెండో బరువు చక్కెర. చెంచాడు కెచప్‌లో, అంటే ఒక టేబుల్ స్పూన్‌లో, నాలుగు గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. పాత పద్ధతిలో అరకప్పు కెచప్ పోసి, చాలదన్నట్టు పైన బ్రౌన్ షుగర్ కూడా వేస్తారు. నేను కెచప్ పూర్తిగా మానేస్తాను. టమాటా పేస్టును బాగా వేయిస్తే దాని తీపి అదే బయటికి వస్తుంది, మీదికి ఒక్క టీస్పూన్ బెల్లం చాలు. మూడోది బన్ను. దాని దగ్గర ఎక్కువ పిసినారితనం వద్దు. లెట్యూస్ ఆకులో చుట్టుకు తినమని చాలామంది చెబుతారు. అలా తింటే అది ఆకులో కీమా, స్లాపీ జో కాదు. చిన్న సైజు గోధుమ బన్ను తీసుకుంటే సరిపోతుంది.

తెచ్చుకునేవి

నలుగురికి: 300 గ్రాముల టర్కీ కీమా, 200 గ్రాముల బటన్ మష్రూమ్‌లు, ఒక మధ్యరకం ఉల్లిపాయ, సగం పచ్చ క్యాప్సికమ్, రెండు వెల్లుల్లి రెబ్బలు, రెండు టేబుల్ స్పూన్ల టమాటా పేస్టు, ఒక కప్పు చిక్కటి టమాటా గుజ్జు, ఒక టేబుల్ స్పూన్ వూస్టర్‌షైర్ సాస్, టీస్పూన్ ఆవాల సాస్ (మస్టర్డ్ అని అమ్మే పసుపురంగుది), టీస్పూన్ బెల్లం తురుము, టీస్పూన్ వెనిగర్, అర టీస్పూన్ జీలకర్ర పొడి, ఉప్పు, పావు టీస్పూన్ వంట సోడా, రెండు టీస్పూన్ల నూనె, నాలుగు బన్నులు.

టర్కీ కీమా డబ్బా మీద శాతం రాయకుండా ఉత్త పేరే ఉంటే అందులో చర్మం, ముదురు మాంసం కలిసి 15 శాతం దాకా కొవ్వు ఉండొచ్చు. 99 శాతం లీన్ అన్నది ఉత్త రొమ్ము మాంసం, ఎంత జాగ్రత్తగా చేసినా ఎండిపోతుంది. మధ్యదే మనకు కావాల్సింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటే టర్కీ కోసం తిరగక్కర్లేదు. చికెన్ షాపులో చర్మం లేకుండా రొమ్ము, తొడ సగం సగం కలిపి కీమా కొట్టించుకోండి. మటన్ కీమాతో రుచి అద్భుతంగా వస్తుంది గానీ ఈ పాఠం ఉద్దేశమే పోతుంది.

అమెరికన్ రెసిపీ చూసి వండేటప్పుడు రెండు చోట్ల దెబ్బతింటాం. వాళ్లు టమాటా సాస్ అంటే డబ్బాలో వచ్చే తీపిలేని గుజ్జు, మన షాపుల్లో ఆ పేరుతో ఉండేది తియ్యటి సీసా. అది పోస్తే చక్కెర తగ్గించిన శ్రమంతా వృథా. ఇంట్లో నాలుగు పండు టమాటాలు ఉడికించి, తొక్క తీసి, మిక్సీలో వేసుకోవడం మేలు. ఇక వాళ్ల చిల్లీ పౌడర్‌లో మిరపతోపాటు జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి పొడి కలిసి ఉంటాయి. టేబుల్ స్పూన్ వేయమంటే ధైర్యంగా వేస్తారు. మన గుంటూరు కారం అంత వేశారా, పిల్లలు నీళ్ల సీసా వదలరు. పావు టీస్పూన్‌తో మొదలుపెట్టండి.

వూస్టర్‌షైర్ సాస్ ఇంగ్లండ్‌ది. వెనిగర్, మొలాసిస్ (చెరకు మడ్డి), ఉప్పులో ఊరిన ఆంకోవీ చేపలతోపాటు మన చింతపండు కూడా పడుతుంది అందులో. దొరక్కపోతే చెంచాడు చిక్కటి చింతపండు రసం, చెంచాడు సోయా సాస్ కలిపి వాడేయండి. తేడా కనిపెట్టేవాళ్లు తక్కువ.

వండడం

ముందుగా వంట సోడాను చెంచాడు నీళ్లలో కరిగించి, అర టీస్పూన్ ఉప్పుతో కలిపి కీమాకు పట్టించి పావుగంట పక్కన పెట్టండి. మామూలుగా వేడి తగలగానే మాంసం బిగుసుకుని లోపలి నీళ్లను పిండేస్తుంది. సోడా తగిలితే అంత బిగుసుకోదు, నీళ్లు లోపలే ఉంటాయి, బాణలి త్వరగా పొడిగా అయి మాంసం ఎర్రగా వేగుతుంది. పావు టీస్పూన్ మించితే సబ్బు వాసన వస్తుంది, చేతి అందాజా ఇక్కడ వద్దు.

ఈలోగా మష్రూమ్‌లను కీమా పలుకులంత సన్నగా తరగండి. మిక్సీలో అయితే ఒకటి రెండు తిప్పులే, లేకపోతే పచ్చడైపోతుంది. మీ ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా వెడల్పాటి బాణలి పొయ్యి మీద పెట్టి, నూనె లేకుండా, పెద్ద మంట మీద వీటిని వేయండి. మష్రూమ్‌లో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. రెండు నిమిషాల్లో బాణలి అంతా చెరువైపోయి బుడబుడమని ఉడుకుతుంది. కంగారుపడి తీసేయకండి. మరో నాలుగైదు నిమిషాలకు బుడబుడ ఆగి చిటపట మొదలవుతుంది. ఆ చప్పుడు మారడమే గుర్తు. ఇందాకటి రాశి సగానికన్నా కుంగి, ముక్కల అంచులు గోధుమరంగులోకి తిరుగుతాయి. తీసి గిన్నెలో పెట్టుకోండి. మాంసాన్ని, మష్రూమ్‌లను ఒకేసారి వేసేయమని చెప్పే పద్ధతులున్నాయి. అలా చేస్తే ఒకదాని నీళ్లలో ఇంకొకటి ఉడికిపోతుంది. గిన్నె ఒకటి ఎక్కువ కడగాల్సొచ్చినా సరే, విడిగానే వేయించండి.

అదే బాణలిలో నూనె వేసి, బాగా కాగాక కీమాను ఒకే పొరగా పరిచి వదిలేయండి. మూడు నిమిషాలు గరిటె పెట్టకూడదు. ఇది మనకు చాలా కష్టం. కలపకపోతే అడుగంటుతుందని భయం చిన్నప్పటి నుంచీ ఉంది కదా. కానీ కలుపుతున్నంతసేపు కీమా బూడిదరంగులోనే ఉంటుంది. కింద ముదురు గోధుమరంగు పట్టాకే తిప్పి, గరిటె అంచుతో పొడుచుకుంటూ విడగొట్టండి.

పచ్చిదనం పోగానే సన్నగా తరిగిన ఉల్లి, క్యాప్సికమ్ వేసి మెత్తబడనివ్వండి. తర్వాత దంచిన వెల్లుల్లి, జీలకర్ర పొడి, కారం. ఇప్పుడు మధ్యలో చోటు చేసి టమాటా పేస్టును నేరుగా అడుగుకు తగిలేలా వేసి రెండు నిమిషాలు వేయించండి. ఎర్రగా మెరుస్తున్న పేస్టు మెరుపు తగ్గి ఇటుకరంగుకు వస్తుంది, పచ్చి వాసన పోయి కమ్మటి తియ్యవాసన వస్తుంది. డబ్బా సాస్‌కీ మనదానికీ తేడా ఈ రెండు నిమిషాలే. అప్పటికి బాణలి అడుగున గోధుమరంగు పొర పట్టి ఉంటుంది. అది మాడు కాదు, రుచంతా అక్కడే ఉంది. పావు కప్పు నీళ్లు పోసి చెక్క గరిటెతో గీకితే మొత్తం లేచి వస్తుంది. పొర నల్లగా ఉంటే మాత్రం మంట ఎక్కువైందన్నమాట, దాన్ని గీకకండి.

టమాటా గుజ్జు, వూస్టర్‌షైర్ సాస్, ఆవాల సాస్, బెల్లం, వేయించి పెట్టుకున్న మష్రూమ్‌లు వేసి సన్నటి మంట మీద పది పన్నెండు నిమిషాలు మూత లేకుండా ఉడికించండి. మూత పెడితే ఆవిరి మళ్లీ నీళ్లై పడుతుంది. కీమా కోడిదైనా టర్కీదైనా లోపల 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి. ఇన్ని నిమిషాలు ఉడికితే అది దాటేసే ఉంటుంది.

నూనె తేలదు కాబట్టి దించే సమయం ఇలా తెలుసుకోవాలి. గరిటెతో బాణలి మధ్యలో ఒక గీత గీయండి. అడుగు కనిపించి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేసరికి మెల్లగా మూసుకోవాలి. గీసిన వెంటనే మూసుకుపోతే ఇంకా నీళ్లున్నాయి, ఇంకో రెండు నిమిషాలు ఉంచండి. ఎంతకీ మూసుకోకపోతే ఎండిపోయింది, రెండు చెంచాల వేడినీళ్లు చిలకరించండి. సరిగ్గా కుదిరాక స్టవ్ కట్టేసి వెనిగర్ కలిపి, ఉప్పు చూసుకోండి. వెనిగర్‌ను ముందే వేస్తే ఘాటు ఎగిరిపోతుంది. కొవ్వు తక్కువున్న వంటలో నాలుకకు పట్టేది ఆ పులుపే. ఐదు నిమిషాలు కదపకుండా ఉంచితే ఇంకాస్త చిక్కబడుతుంది.

బన్ను

కోసిన వైపు పొడి పెనం మీద పెట్టి దోరగా కాల్చండి. వెన్న అక్కర్లేదు. పైన పెళుసు పొర కట్టిన బన్నులోకి సాస్ అంత తొందరగా ఇంకదు. టోస్టర్‌లో పెడితే రెండు వైపులా గట్టిపడుతుంది, కొరకగానే కూరంతా వెనకనుంచి జారుతుంది. కాల్చిన బన్ను మీద సన్నగా తరిగి నిమ్మరసం పిండిన క్యాబేజీ గుప్పెడు పరిచి ఆపైన అరకప్పు కీమా పెట్టండి. ఊరగాయ దోసకాయ ముక్కలు ఉంటే రెండు. కూర మిగిలితే ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిల్వ ఉంటుంది, మర్నాడు రుచి ఇంకా బాగుంటుంది. దోసె మధ్యలో పెట్టుకు తిన్నా ఎవరూ కాదనరు.

ఈ వారం అభ్యాసం

ఒకసారి మష్రూమ్‌లు మాత్రమే తెచ్చుకుని వేయించి చూడండి, మాంసం అక్కర్లేదు. చప్పుడు మారే క్షణాన్ని చెవితో పట్టుకోవడమే పని. పొగగొట్టం ఫ్యాను ఆపేసి, పక్కన టీవీ కూడా కట్టేయండి. అది పట్టుబడ్డాక పూర్తి వంట చేసి, గీత మూసుకోవడానికి ఎంతసేపు పట్టిందో, బన్ను ఎన్ని నిమిషాలు గట్టిగా నిలిచిందో పుస్తకంలో రాసుకోండి. మీ బాణలికి, మీ పొయ్యికి సరిపోయే లెక్క అలాగే దొరుకుతుంది. శాకాహారుల కోసం ఇదే సాస్‌ను, చేపలున్న వూస్టర్‌షైర్ బదులు చింతపండు రసం, సోయా సాస్ వేసి, పొట్టు ఉన్న మసూర్ పప్పుతో చేయడం 6వ పాఠంలో ఉంటుంది. దానికి పప్పును ముందురోజే నానబెట్టక్కర్లేదు, కుక్కర్ మాత్రం వాడకూడదు.