వెక్టర్ బొమ్మ క్వాలిటీ కారణంతో రిజెక్ట్ అయితే: సరిచేసి మళ్లీ పంపే విధానం

బొమ్మలను ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టే అడోబ్ స్టాక్, షట్టర్‌స్టాక్ లాంటి లైబ్రరీలకు పంపిన బొమ్మ ‘క్వాలిటీ’ పేరుతో వెనక్కి వస్తే, బొమ్మే బాగాలేదన్నారేమో అని మనసు చివుక్కుమంటుంది. కానీ వెక్టర్ బొమ్మల (ఫొటోలా చుక్కలతో కాకుండా గీతలు, ఆకారాలతో తయారయ్యేవాటి) విషయంలో చిక్కు చాలాసార్లు ఫైలు లోపల ఉంటుంది. కొనుక్కున్న డిజైనర్ దాన్ని తెరిచి, రంగు మార్చి, ఒక ముక్క తీసి వేరేచోట వాడుకోగలగాలి. రివ్యూ చేసేవాళ్లు ఆ కళ్లతో చూస్తారు.

పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లెవరైనా ఈ రెండు చోట్లా కాంట్రిబ్యూటర్ (బొమ్మలు పంపేవాళ్ల) ఖాతా తెరవవచ్చు. ఖాతా తెరవడం తేలికే కాబట్టి దాని గురించి ఇంతకంటే చెప్పను.

ముందు కొలతలు చూసుకోండి. షట్టర్‌స్టాక్ ఈపీఎస్ 8 లేదా ఈపీఎస్ 10 రకం వెక్టర్ ఫైలు అడుగుతుంది. బొమ్మ కనీసం 4 మెగాపిక్సెళ్లు, ఫైలు 100 ఎంబీ లోపు ఉండాలి. అడోబ్ స్టాక్ ఏఐ (వెక్టర్ బొమ్మలు గీసే ఇలస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్ సొంత ఫైలు రకం), ఈపీఎస్, ఎస్‌వీజీ మూడూ తీసుకుంటుంది. అక్కడ ఆర్ట్‌బోర్డ్ (బొమ్మ గీసే పేజీ) కనీసం 15 మెగాపిక్సెళ్లు, ఫైలు 45 ఎంబీ లోపు. 1920 × 1080 ఆర్ట్‌బోర్డ్ మీద గీస్తే అది దాదాపు 2 మెగాపిక్సెళ్లే, రెండు చోట్లా చాలదు. నేను మొదటి నుంచీ 5000 × 4000 పెట్టుకుంటాను, అంటే 20 మెగాపిక్సెళ్లు. వెక్టర్‌ను ఎంతకైనా పెంచుకోవచ్చు కదా అనిపిస్తుంది గానీ, ఈ నియమం ఆర్ట్‌బోర్డ్‌కే వర్తిస్తుంది. కలర్ మోడ్ ఆర్‌జీబీలో (తెర కోసం వాడే రంగుల పద్ధతిలో) ఉంచండి.

ఇక అసలు పని. ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్ వై నొక్కితే రంగులన్నీ పోయి గీతల అస్థిపంజరం మాత్రమే మిగులుతుంది. తప్పులన్నీ అక్కడే బయటపడతాయి. నా మొదటి సంక్రాంతి ముగ్గుల సెట్‌ను ఒక లైబ్రరీ మొత్తంగా తిప్పి పంపినప్పుడు రెండు రోజులు టెన్షన్ పడ్డాను. ఈ వ్యూలో చూశాకే కారణం తెలిసింది. మెలిక ముగ్గులో గీత చుక్కల చుట్టూ తిరిగి మొదలైన చోటే కలవాలి. తెర మీద కలిసినట్టే ఉంది, దగ్గరికి జూమ్ చేస్తే రెండు కొసల మధ్య సన్నని ఖాళీ. అలాంటివి పద్నాలుగు దొరికాయి. డైరెక్ట్ సెలెక్షన్ టూల్‌తో రెండు కొసలూ పట్టుకుని కంట్రోల్ జె నొక్కితే అతుక్కుంటాయి. తర్వాత ఎక్స్‌పాండ్ చేసి గీతలను ఆకారాలుగా మార్చాను. అలా మార్చకపోతే, కొన్నవాళ్లు బొమ్మను చిన్నది చేసినప్పుడు వాళ్ల సెట్టింగును బట్టి గీత మందం మారకుండా ఉండిపోయి, ముగ్గంతా ముద్దలా కనిపించవచ్చు.

ఆబ్జెక్ట్ మెనూలో పాత్, క్లీన్ అప్ నొక్కితే దేనికీ అతకని పాయింట్లు, ఖాళీ టెక్స్ట్ పెట్టెలు పోతాయి. ఫొటోను ఆటో ట్రేస్ చేసి (సాఫ్ట్‌వేర్ చేతే వెక్టర్‌గా మార్పించి) పంపేవాళ్లు దీనితో సరిపెట్టుకోలేరు. ఒక్క చెంప మీదే వందల యాంకర్ పాయింట్లు (గీతను పట్టి ఉంచే బిందువులు) పడి, అంచులు చిరిగిన కాగితంలా కనిపిస్తాయి. పాయింట్లను తగ్గించే సింప్లిఫై కొంతవరకు ఆదుకుంటుంది. నన్నడిగితే పెన్ టూల్‌తో మళ్లీ గీయడమే మేలు, మొత్తం మీద టైమ్ కూడా తక్కువే పడుతుంది. లింక్స్ ప్యానెల్ కూడా ఒకసారి తెరవండి. అందులో ఏదైనా ఇమేజ్ కనబడితే, ఎప్పుడో మర్చిపోయిన ఫొటో ముక్క బొమ్మలో ఉండిపోయిందన్నమాట.

తెలుగు అక్షరాలు వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఉగాది శుభాకాంక్షలు అని రాసి ఫాంట్‌ను అలాగే వదిలేస్తే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అక్షరాలు మారిపోతాయి, వత్తులు విడిపోతాయి. ముందు ఇలస్ట్రేటర్ ప్రిఫరెన్సెస్‌లో ఇండిక్ ఆప్షన్లు ఆన్ చేసి, ‘క్ష’, ‘త్ర’ లాంటివి సరిగ్గా కలిశాయో లేదో కళ్లారా చూసుకోండి. ఆ తర్వాతే కంట్రోల్ షిఫ్ట్ ఓతో అవుట్‌లైన్లుగా, అంటే మామూలు ఆకారాలుగా, మార్చండి. మార్చాక అక్షరదోషం దిద్దలేం, కాబట్టి మార్చని కాపీ ఒకటి విడిగా దాచుకోండి. ఆ ఫాంట్‌ను అమ్మకపు పనులకు వాడుకునే అనుమతి ఉందో లేదో కూడా చూడాలి.

కొన్ని తిరస్కరణలు ఫైలు దిద్దితే పోయేవి కావు. నెట్‌లో దొరికిన దేవుడి క్యాలెండర్ బొమ్మ మీద గీసి పంపితే అది హక్కుల సమస్య. ఒకే బతుకమ్మను పది రంగుల్లో పంపితే ‘సిమిలర్ కంటెంట్’ అంటారు. అలాంటివి పదే పదే పంపితే ఖాతాకే ఇబ్బంది. ఏఐతో, అంటే కృత్రిమ మేధతో, తయారైన బొమ్మలను షట్టర్‌స్టాక్ కాంట్రిబ్యూటర్ల నుంచి తీసుకోదు. అడోబ్ స్టాక్ తీసుకుంటుంది, కానీ ఆ సంగతి అప్‌లోడ్ చేసేటప్పుడే టిక్ పెట్టి చెప్పాలి.

సరిచేసిన ఫైలును కొత్తగా అప్‌లోడ్ చేసి, టైటిల్, కీవర్డులు మళ్లీ ఇచ్చి సబ్మిట్ చేయాలి. కీవర్డులను ఒక నోట్‌ప్యాడ్ ఫైల్లో దాచుకుంటే మళ్లీ టైప్ చేసే పని తప్పుతుంది. అడోబ్ స్టాక్‌లో 49 వరకు ఇవ్వవచ్చు, ముఖ్యమైనవి మొదటి పదిలోనే పెట్టండి. దిద్దకుండా అదే ఫైలును ఇంకో రివ్యూయర్ చేతికి వెళ్తుందన్న ఆశతో మాత్రం తిరిగి పంపకండి. సెట్ మొత్తం రిజెక్ట్ అయితే, ముందు ఒక్క బొమ్మను సరిచేసి పంపండి. అది ఒప్పుకున్నాక మిగతావి అదే పద్ధతిలో దిద్దుకోవచ్చు.