ఏవీఎన్, ఆస్టియోనెక్రోసిస్, ఎసెప్టిక్ నెక్రోసిస్: రిపోర్టులో ఏ పేరుంటే ఎట్టా చదువుకోవాలి

తుంటి నొప్పికి రిపోర్టులు తీయించుకున్నాక ముందు కాగితాలన్నీ తేదీల వరసన పెట్టుకోండి, పేరు సంగతి తర్వాత. ఎందుకు చెప్తున్నానంటే పొదిలి వైపు నుంచి ఒకాయన వాట్సాప్‌లో ఫైల్ పంపించాడు, ఒంగోలు స్కానింగ్ సెంటర్ వాళ్ళ ఎంఆర్ఐలో అవాస్క్యులర్ నెక్రోసిస్ (ఏవీఎన్) అనుంది, నెల్లూరు ఎముకల డాక్టరు చీటీ మీద బి/ఎల్ ఓఎన్ఎఫ్‌హెచ్ అని గిలికుంది, చెన్నై పోయొస్తే అక్కడి సమ్మరీలో ఎసెప్టిక్ నెక్రోసిస్ అని టైపు చేసుంది. ఇంట్లోవాళ్ళేమో మూడు జబ్బులు వచ్చినాయని ఏడుస్తా ఉండారు. మూడూ ఒకటేనండీ.

జరిగేది ఇదీ. తుంటి కీలులో తొడ ఎముక పైన బంతిలాగా ఉండే భాగానికి రక్తం తీసుకుపోయే దారులు బాగా సన్నవి, అవి మూసుకుపోతే లోపలి ఎముక కణాలు చచ్చిపోతాయి, చచ్చిన ఎముక మీద బరువు పడీ పడీ కొన్నాళ్ళకి బంతి అణిగిపోతుంది. గుండెకి రక్తం ఆగితే హార్ట్ ఎటాక్ ఎట్టా వస్తుందో అట్టాంటిదే ఇది, 1948లో చాండ్లర్ అనే డాక్టర్ దీన్ని తుంటికి వచ్చే కరోనరీ జబ్బు (గుండె రక్తనాళాల జబ్బు లాంటిది) అనే రాశాడు.

ఇప్పుడు పేర్లు. నెక్రోసిస్ అంటే చచ్చిపోవడం. అవాస్క్యులర్ అంటే రక్తం అందక అని, ఇస్కీమిక్ నెక్రోసిస్ అన్నా అదే. ఆస్టియోనెక్రోసిస్ అంటే ఎముక చచ్చిపోవడం, ఈమధ్య పుస్తకాల్లో ఎక్కువ వాడే పేరు ఇదే. ఎసెప్టిక్ అంటే చీము, ఇన్ఫెక్షన్ లేకుండా అని. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ‘ఎముక కుళ్ళిపోయింది’ అని ఎవరో చెప్పగానే యాంటీబయాటిక్స్ కొనుక్కుని మింగేవాళ్ళు ఉండారు, కాన్సర్ అనుకుని అన్నం మానేసినవాళ్ళూ ఉండారు. ఈ పేరుకి అర్థం ఆ రెండూ కాదు. ఓఎన్ఎఫ్‌హెచ్ అంటే తొడ ఎముక బంతికి వచ్చిన ఆస్టియోనెక్రోసిస్, బి/ఎల్ అంటే రెండు వైపులా. ఇన్సూరెన్స్ కాగితాల్లో ఎం87 అని కోడ్ కనపడితే అదీ ఈ జబ్బుదే.

కొన్నిసార్లు ఏ ఎముకకి వచ్చిందో దాన్నిబట్టి ఏదో డాక్టర్ పేరు పెట్టుంటారు. మణికట్టులో లూనేట్ అనే చిన్న ఎముకకి వస్తే కీన్‌బాక్, అక్కడే స్కాఫాయిడ్‌కి వస్తే ప్రైజర్, పాదం ముందువైపు, వేలి మొదట్లో ఉండే ఎముక తలకి వస్తే ఫ్రైబర్గ్, దెబ్బ తగిలిన కొన్నాళ్ళకి వెన్నుపూస కుంగితే కుమ్మెల్. బోన్ ఇన్‌ఫార్క్ట్ అని ఉంటే కీలు దగ్గర కాకుండా ఎముక మధ్య భాగంలో అని, అది చాలామందికి నొప్పే లేకుండా వేరే దేనికో తీసిన స్కాన్‌లో బయటపడుతుంది. మోకాలికి సోంక్ (దానంతటదే వచ్చిన మోకాలి ఆస్టియోనెక్రోసిస్) అని రాస్తే మాత్రం డాక్టర్ని గట్టిగా అడగండి, ఒకప్పుడు దాన్ని కూడా రక్తం ఆగి వచ్చిందే అనుకున్నారు గానీ ఇప్పుడు అందులో చాలావరకు బలం లేని ఎముకలో పడ్డ సన్నటి పగులే అంటున్నారు.

పేరు కంటే పెద్దది స్టేజ్. ఇక్కడ జనం ఎక్కువ తికమకపడతారు, ఎందుకంటే స్టేజీల లెక్క ఒకటి కాదు. ఫికాట్ లెక్కలో 1 అంటే ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది, ఎంఆర్ఐలోనే తెలుస్తుంది, 2లో ఎక్స్‌రేలో మార్పులు కనపడినా బంతి గుండ్రంగానే ఉంటుంది, 3లో అణగడం మొదలు, 4లో కీలే అరిగిపోతుంది. అదే స్టైన్‌బర్గ్ లెక్కలో 6 దాకా ఉంటాయి, అందులో 4 అంటే బంతి చదునైంది అని మాత్రమే. ఆర్కో అని ఇంకోటి కూడా ఉంది. కాబట్టి ‘స్టేజ్ 4 అంట’ అని ఇంటికొచ్చి దిగులు పడకుండా, అక్కడే డాక్టర్ ముందు కూర్చున్నప్పుడే అడగండి: సార్, ఇది ఏ లెక్కలో స్టేజ్, బంతి అణిగిందా లేదా, రెండో వైపు ఎట్టా ఉంది? వైద్యం చాలావరకు దీన్నిబట్టే ఉంటుంది. అణగకముందైతే కోర్ డికంప్రెషన్ అని ఎముకకి రంధ్రం వేసి లోపలి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్ గురించి మాట్లాడతారు, బాగా అణిగి అరిగిపోతే తుంటి మార్పిడి.

మన వైపు ఇంకో చిక్కు ఉంది. కనిగిరి వైపు కీళ్ళ నొప్పి అంటే చాలు ‘నీళ్ళలో ఫ్లోరైడ్ లే’ అని వదిలేస్తారు. ఫ్లోరోసిస్‌లో ఎముక గట్టిపడుతుంది, వెన్ను బిగుసుకుపోతుంది, అది వేరు. ముప్పై నలభై ఏళ్ళ మనిషికి గజ్జల్లో నొప్పి వచ్చి, బాసింపట్టు వేసుకుని కూర్చోలేక, బైక్ ఎక్కేటప్పుడు కాలు తిప్పలేకపోతే ఫ్లోరైడ్ మీదకి తోసెయ్యకుండా తుంటి చూపించండి. ఎక్స్‌రే బాగుందన్నా నొప్పి తగ్గకపోతే ఎంఆర్ఐ అవసరమా అని మీరే అడగండి, తీస్తే రెండు తుంటిలూ వచ్చేట్టు తీయమనండి, దెబ్బ తగలకుండా వచ్చినప్పుడు రెండో వైపు కూడా ఉండటం చాలా మామూలు. పుత్తూరు కట్టు కట్టించుకుందాం అనేవాళ్ళకి ఒక మాట, కట్టు కట్టేది విరిగిన ఎముకకి, ఆగిపోయిన రక్తాన్ని కట్టు తిరిగి తేలేదు.

కారణం కూడా పేరు పక్కనే రాస్తుంటారు. స్టెరాయిడ్ ఇండ్యూస్డ్ అంటే స్టెరాయిడ్ల వల్ల, పోస్ట్ ట్రామాటిక్ అంటే దెబ్బ వల్ల, ఇడియోపాతిక్ అంటే కారణం దొరకలేదని. తాగుడు అలవాటు, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలాగా వంగిపోయే జబ్బు) కూడా కారణాలే. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర నొప్పులకి వేయించుకున్న డెక్సా సూదులు, చర్మానికో ఆయాసానికో వాడిన ప్రెడ్నిసోలోన్ బిళ్ళలు, ఇవన్నీ స్టెరాయిడ్లే, ఏవీ దాచకుండా చెప్పండి, పాత చీటీలు ఉంటే తీసుకెళ్ళండి. ఒకటి మాత్రం చెయ్యొద్దు: స్టెరాయిడ్ వాడుతున్నవాళ్ళు భయపడి మీ అంతట మీరే ఠక్కున ఆపేయకండి, అది ప్రాణం మీదకి తెస్తుంది, డాక్టర్ చెప్పినట్టే తగ్గించుకుంటా రావాలి.

పిల్లలకి తుంటి బంతికి ఇట్టా రక్తం ఆగితే పెర్థీస్ అని రాస్తారు, లెగ్ కాల్వే పెర్థీస్ అన్నా అదే. ఎక్కువగా నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ లోపు, మగపిల్లల్లో ఎక్కువ. జబ్బు తుంటిలో ఉంటే పిల్లోడు మోకాలు చూపించి నొప్పి అంటాడు, మోకాలు ఎక్స్‌రే తీస్తే అంతా బాగుంటుంది, కుంటడం మాత్రం ఆగదు. అప్పుడు తుంటి కూడా చూడమని అడగండి. పెద్దవాళ్ళ వైద్యం దీనికి పనికిరాదు, పిల్లల ఎముక మళ్ళీ పెరిగే అవకాశం ఉంది, అందుకని పిల్లల ఎముకల డాక్టర్ దగ్గరికే పోండి.

ఎన్టీఆర్ వైద్య సేవకో ఇన్సూరెన్స్‌కో పెట్టేటప్పుడు ఒక్కో కాగితంలో ఒక్కో పేరుంటే కౌంటర్ దగ్గర ప్రశ్నలు వస్తాయి. డిశ్చార్జ్ సమ్మరీలో ‘అవాస్క్యులర్ నెక్రోసిస్ లేదా ఆస్టియోనెక్రోసిస్’ అని రెండూ, ఏ వైపు, ఏ స్టేజ్ అనేది ఒకే వరసలో రాయించుకోండి, ఆసుపత్రిలో ఉండే హెల్ప్ డెస్క్ వాళ్ళకి ఆ కాగితమే ముందు చూపించండి.

దవడకి వచ్చేది ఓఎన్‌జే, అంటే దవడ ఎముక ఆస్టియోనెక్రోసిస్. ఎముకల బలానికో కాన్సర్‌కో జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ సూదులు వేయించుకున్న పెద్దవాళ్ళుంటే పన్ను పీకించుకునే ముందే పళ్ళ డాక్టర్‌కి ఆ సూది పేరు, ఆఖరిసారి వేసిన తేదీ చెప్పాలి, ఖాళీ సీసా ఫోటో ఉన్నా చూపించండి.