ట్రాక్ మీదికి దిగే ముందు: ఇంజిన్ ఆయిల్ చిక్కదనం విషయంలో జాగ్రత్తలు

శక్తిమంతమైన ఇంజిన్‌ను రేస్ ట్రాక్ మీద గట్టిగా నడపబోతున్నామంటే చాలామంది చేసే మొదటి పని, ఉన్న ఆయిల్ తీసేసి ఇంకాస్త చిక్కటిది పోయడం. ఆ తొందర వద్దు. ముందు వాహనం పుస్తకంలో ఏయే గ్రేడ్లకు అనుమతి ఉందో, గట్టిగా నడిపినప్పుడు మీ ఆయిల్ ఎంత వేడెక్కుతోందో తెలుసుకోండి.

5డబ్ల్యూ-30 లాంటి గ్రేడ్‌లో మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది, రెండోది వేడి మీద చిక్కదనాన్ని. 100 డిగ్రీల సెల్సియస్ వద్ద 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) లోపు ఏదైనా 30 గ్రేడే. అంటే డబ్బా మీద ఒకే అంకె ఉన్న రెండు ఆయిళ్ల మధ్య కూడా చెప్పుకోదగ్గ తేడా ఉండొచ్చు. అందుకే తయారీదారు ఇచ్చే సాంకేతిక వివరాల పత్రం తెరిచి, హెచ్‌టీహెచ్‌ఎస్ అన్న వరుస వెతకండి. 150 డిగ్రీల వేడిలో, తీవ్రమైన రాపిడిలో మిగిలే చిక్కదనం అది. దీన్ని మిల్లీపాస్కల్-సెకన్లలో ఇస్తారు; 5డబ్ల్యూ-30కి కనీసం 2.9, 5డబ్ల్యూ-40కి కనీసం 3.5 ఉండాలి. నా దృష్టిలో ట్రాక్ కోసం చూడాల్సిన అంకెల్లో ఇదే ముఖ్యం, ఎందుకంటే ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్‌ను బేరింగ్‌కు తగలనివ్వకుండా నిలబెట్టేది ఆ వేడిలో మిగిలిన పొరే.

మరీ చిక్కటిది పోస్తే గేజ్‌లో ప్రెషర్ పెరుగుతుంది, చూసి ధైర్యపడతాం. కానీ బేరింగ్ సందులు సన్నగా ఉన్న ఇంజిన్‌లో అక్కడి గుండా పారే ఆయిల్ తగ్గి, వేడిని బయటికి మోసుకుపోలేదు. చల్లటి ఇంజిన్‌లో అయితే ఫిల్టర్ బైపాస్ వాల్వ్ తెరుచుకుని వడకట్టని ఆయిలే లోపలికి వెళ్లవచ్చు. కూలెంట్ వేడెక్కినా ఆయిల్ వేడెక్కడానికి ఇంకా సమయం పడుతుంది, అంతవరకు ఆర్‌పీఎం పెంచకండి.

ఆయిల్ ఉష్ణోగ్రత 130 దాటి అక్కడే నిలుస్తుంటే ముందు ఆయిల్ కూలర్ సంగతి చూడండి, గ్రేడ్ మార్చడం తర్వాత. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే) ఇంజిన్‌ను ఎక్కువగా చిన్న చిన్న దూరాలకే తిప్పితే పెట్రోల్ కలిసి ఆయిల్ పలచబడుతుంది. డిప్‌స్టిక్‌కు పెట్రోల్ వాసన వస్తున్నా, మట్టం దానంతటదే పెరుగుతున్నా వెళ్లేముందే మార్చేయండి. తడి క్లచ్ (ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి పనిచేసే క్లచ్) ఉన్న బైకుకు, అలాంటి క్లచ్‌కు సరిపోతుందని చెప్పే జాసో ఎంఏ గుర్తు ఉన్న ఆయిలే వాడండి.

మలుపుల్లో మాత్రమే ప్రెషర్ ముల్లు పడిపోతుంటే ఆయిల్ పక్కకు ఒరిగి పంపు గాలి పీలుస్తోందని అనుమానించాలి. ఎంత చిక్కటి ఆయిలూ దాన్ని సరిచేయదు. బండి పక్కకు తీసి మట్టం చూడండి, గరిష్ఠ గీత దాటించకుండా నింపండి. అయినా ముల్లు పడుతుంటే సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) అడ్డుపలకలు వేయించేదాకా ట్రాక్ మీదికి వెళ్లకండి.